గడిసీమలో సింహం ఉండవచ్చునా?

(వేదిక మీద రెండు కుర్చీలు, వాటి వెనుక గోడకు వేలాడే ఒక పటం. పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరు తాము రాయబోయే జానపద నవల కోసం హేమగిరి అనే రాజ్యాన్ని ఊహించి, దాని తూర్పు సరిహద్దుకు గడిసీమ అని పేరు పెట్టి (గడి అంటే సరిహద్దు) ఈ పటం గీశారు. మంచుకొండ, దాని పక్కనే ఎడారి, ఎడారిని ఆనుకుని నీలవేణి నది, నది ఒడ్డున పులులూ సింహాలూ ఏనుగులూ నిండిన అడవి అందులో ఉన్నాయి. ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు భూగోళశాస్త్రం చెబుతున్న అధ్యాపకురాలు దాన్ని ఆక్షేపించడానికి వచ్చారు.)

అధ్యాపకురాలు: మాస్టారూ, మీ పటంలో ఒకే లోయలో నూరు పులులూ ఇరవై సింహాలూ ఉన్నాయి గానీ ఒక్క దుప్పి లేదు. పెద్దపులి బతకాలంటే ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను వేటాడాలి. నూరు పులులకు 5,000 కావాలి. అవి ఏటా తరగకుండా దొరకాలంటే అంతకు ఎన్నో రెట్ల మందలు అక్కడ మేస్తూ ఉండాలి. మీరు గడ్డి కూడా గీయలేదు.

కథకుడు: ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలోని చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉందని మా నాయనమ్మ చెప్పినప్పుడు, ఆ చిలుక ఏం తిని బతికిందని మేమెవరమూ అడగలేదు తల్లీ. సింహాలు మన దేశంలో గుజరాత్‌లోని గిర్, దాని చుట్టుపక్కల తప్ప మరెక్కడా అడవిలో తిరగడం లేదని నాకూ తెలుసు. అయినా అడవికి రాజెవరని అడిగితే మన పిల్లలు ఇప్పటికీ సింహమనే అంటారు. రాజుగారి పన్ను ఆగిపోయి భయం మొదలయ్యే చోటే గడి. ఆ భయానికి నేనిచ్చిన రూపం సింహం.

అధ్యాపకురాలు: నాయనమ్మగారు పటం గీయలేదు. మీరు గీశారు, కింద ఆమడల కొలత కూడా వేశారు. కొలత వేశాక చదివేవాడు వేలితో కొలిచి చూస్తాడు. మీ రాకుమారుడు పొద్దున మంచుకొండ దిగి, మధ్యాహ్నానికి ఎడారి దాటి, దీపాలవేళకు అడవి చేరుతున్నాడు. ఊహించవద్దని నేను అనడం లేదు, ఆ ఊహకు కాలు మోపే నేల చూపించమంటున్నాను. నల్లమలనే తీసుకోండి. కృష్ణ ఆ కొండలను కోసుకుంటూ ఎంత లోతున పారుతుందంటే, శ్రీశైలంలో పాతాళగంగకు వందల మెట్లు దిగాలి. మెట్లు లేని చోట నది కళ్లెదుట మెరుస్తూనే ఉంటుంది, గొంతు మాత్రం ఎండిపోతుంది. వేసవికి చెట్లు ఆకులు రాల్చేస్తాయి. అప్పుడు ఆ ఎండుటాకుల మీద ఉడుత పరుగెత్తినా ఏదో పెద్ద జంతువు వచ్చినంత చప్పుడవుతుంది. ఆ చప్పుడు దేనిదో తెలియక నిలబడిపోయిన మనిషికి మీ సింహగర్జన అవసరమా?

కథకుడు: ఆ చప్పుడు బాగుంది, నేను వాడుకుంటాను. కానీ గడి అడవి ప్రకృతి ఇచ్చినట్లే ఉంటుందని నువ్వు అనుకుంటున్నావు, అక్కడే పొరబడ్డావు. గడి దగ్గరి అడవులను పెంచాలనీ, రాజ్యం నడుమ ఉన్నవాటిని దొంగల బెడద పోయేందుకు కొట్టించాలనీ రాయలవారు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పారు. రాజ్యపు అంచున ఏనుగుల వనం ఉండాలన్నాడు కౌటిల్యుడు. కాబట్టి నా అడవిలోని చిక్కదనమూ ఏనుగుల గుంపులూ రాజులు కోరి ఏర్పాటు చేసుకున్నవే.

అధ్యాపకురాలు: రాజాజ్ఞ వేస్తే చెట్టు పెరుగుతుందేమో గానీ ఏనుగు నిలవదు. దానికి రోజుకు 100 లీటర్లకు పైగా నీళ్లు, 150 కిలోల దాకా మేత కావాలి. చిత్తూరు వైపు కౌండిన్య అడవుల్లో ఎన్నో తరాలుగా కనబడని ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చాయి. ఏ రాజూ పిలవలేదు, ఏ గడీ ఆపలేదు. మీ ఏనుగులు యుద్ధం కోసం వరుసగా నిలబడి ఉన్నాయి. నిజమైన గుంపైతే ఎండాకాలంలో ఊరి చెరువు మీదికీ చెరకుతోట మీదికీ వస్తుంది.

కథకుడు: అయితే నా రాకుమారుడు కత్తి దూయడం మాని పంట నష్టానికి పంచనామా రాయాలన్నమాట!

(మాస్టారు కొంచెం నొచ్చుకున్నారనే చెప్పాలి.)

అధ్యాపకురాలు: కత్తికి లొంగని ప్రమాదాలే ఎక్కువ మాస్టారూ. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి మన్యం ఎక్కిన బ్రిటిష్ సైన్యాన్ని తిరుగుబాటుదారులతో పాటు చలిజ్వరం కూడా కుంగదీసింది. ఎలుగుబంటినే చూడండి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే వాటిని ఏరుకోవడానికి మనిషి వెళతాడు, తినడానికి అదీ వస్తుంది. దానికి ముక్కు చురుకే గానీ చూపు మందం. గాలి దాని వైపు నుంచి మనిషి వైపు వీస్తుంటే మనిషి వాసన దానికి అందదు. తల ఎత్తేసరికి ఎదురుగా ఉంటాడు. బెదిరి మీద పడుతుంది, పంజా నేరుగా ముఖం మీదికే పోతుంది. పగ లేదు, వేట లేదు, ఒకే చెట్టు కిందికి ఇద్దరూ వచ్చారంతే.

కథకుడు: సరే, మృగాలను నీకు వదిలేస్తాను. మరి గడిలోని దొంగలో? వాళ్లు కూడా నా కల్పనేనంటావా?

అధ్యాపకురాలు: దొంగలు ఉండవచ్చు, కానీ మీరు కొండజనం అందరినీ దొంగలుగా రాశారు. మీరు చెప్పిన రాయలవారే వాళ్లను నమ్మికతో మచ్చిక చేసుకోమన్నారు. చెంచులు తేనె కోసం కొండచరియ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అని చెబుతారు. తోబుట్టువు పసుపుకుంకుమలు పోవాలని ఎవరూ కోరుకోరు కదా. మీ రాకుమారుడిని ఆ తాడు మీద దించండి. పైన తాడు ఎవరు పట్టుకుంటారు?

కథకుడు: వాడికి అక్కడ బావమరిది లేడే!

అధ్యాపకురాలు: అయితే పెళ్లి అక్కడే చేయండి. అహోబిలం నరసింహస్వామే చెంచులక్ష్మిని చేసుకున్నాడు.

కథకుడు (చాలాసేపు పటం వైపు చూసి): ఎడారి తీసేస్తాను, మంచుకొండా తీసేస్తాను. సింహాల్లో ఒక్కదాన్ని మాత్రం ఉంచుకుంటాను. ముసలిది. ఎక్కడి నుంచి వచ్చిందో గడిసీమలో ఎవరికీ తెలియదు.

అధ్యాపకురాలు: ఉంచుకోండి. వేసవిలో అది నీళ్లు ఎక్కడ తాగుతుందో మాత్రం పటంలో గుర్తు పెట్టండి.

కథకుడు (నది మలుపు దగ్గర పెన్సిలుతో చిన్న సున్నా చుడుతూ): ఇదిగో, ఇక్కడ ఒక చెలమ ఉంది. దీని సంగతి చిలుకకు తప్ప ఎవరికీ తెలియదు.