డాక్టర్ డూలీ: వైద్యం నిజం, సాక్ష్యం కాదు

"అమెరికా నౌకాదళ వైద్యుడు టామ్ డూలీ వియత్నాంలో లక్షలాది శరణార్థులను ఒంటిచేత్తో కాపాడారు, కమ్యూనిస్టుల ఘోరాలను కళ్లారా చూసి లోకానికి చాటారు, ఆపైన ఉద్యోగం వదులుకుని లావోస్ పేదల సేవకు వెళ్లారు" అనే కథనం చాలాకాలంగా చలామణిలో ఉంది. ఇందులో నిజమూ కల్పనా కలగలిసి ఉన్నాయి కాబట్టి మాట మాటా విడదీసి చూడాలి.

"ఒంటిచేత్తో" అన్నది మొదటి అతిశయోక్తి. 1954 జూలై నాటి జెనీవా ఒప్పందం వియత్నాంను 17వ అక్షాంశం దగ్గర కమ్యూనిస్టుల ఉత్తరంగా, వారికి ఎదురుపక్షపు దక్షిణంగా విభజించి, అటూ ఇటూ వెళ్లదలచినవారికి 300 రోజుల గడువిచ్చింది. దక్షిణానికి తరలిన 8 లక్షలకు పైబడిన జనంలో సుమారు 3,10,000 మందిని అమెరికా నౌకలు చేరవేయగా, మిగతావారిలో అత్యధికులు ఫ్రెంచివారి ఓడల్లో, విమానాల్లో వెళ్లారు. అప్పటికి 27 ఏళ్ల డూలీ, ఉత్తరాన ఉన్న రేవుపట్టణం హైఫాంగ్ శిబిరాల్లో నీళ్లు శుద్ధి చేయించి, పురుగులమందు డీడీటీ చల్లించి, అంటురోగాలు ఓడలెక్కకుండా చూసిన బృందంలో ఒకరు. ఆ శ్రమను తక్కువ చేయనక్కరలేదు.

అసలు చిక్కంతా "కళ్లారా చూశారు" అన్న మాటతోనే. ప్రార్థన నేర్చుకున్నందుకు పసిపిల్లల చెవుల్లో చాప్‌స్టిక్‌లు దిగగొట్టారని, ఒక మతగురువు తలలోకి మేకులు కొట్టారని 1956లో వచ్చిన ఆయన పుస్తకం వర్ణించింది. రీడర్స్ డైజెస్ట్ పత్రిక దాన్ని కుదించి అచ్చువేసి ఇంటింటికీ చేర్చింది. హనోయ్, హైఫాంగ్ ప్రాంతంలో పనిచేసిన అమెరికా అధికారులే అదే ఏడాది ఆ వర్ణనలు వాస్తవం కావని తమ ప్రభుత్వ సమాచార సంస్థకు నివేదిస్తే, ఆ నివేదిక దశాబ్దాలపాటు రహస్యంగా ఉండిపోయింది. పుస్తకరచనకు సాయపడిన నౌకాదళ అధికారి విలియం లెడరర్ సైతం అలాంటి ఘోరాలు జరగలేదని తర్వాత ఒప్పుకున్నారు. ఉత్తరాన భూసంస్కరణల పేరిట వేలమందిని చంపిన మాట మాత్రం నిజం. అయినా కల్పన ఎందుకు కావలసివచ్చిందంటే, దూరదేశపు భూతగాదా కంటే పసివాడి చెవి పాఠకుణ్ని త్వరగా కదిలిస్తుంది. పైగా చెప్పేది వైద్యుడైతే అనుమానమే రాదు.

ఉద్యోగం ఆయన తనంతట తానుగా వదులుకోలేదు. స్వలింగ సంపర్కం ఆరోపణపై రహస్యంగా విచారణ జరిపి, 1956లో నౌకాదళమే రాజీనామా చేయించింది. తాను పెంచిన వీరుడు కాబట్టి ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

దీనికి ఎదురుగా వినిపించే "ఉత్త గూఢచారి" అన్న మాటా నిలవదు. లావోస్ నుంచి ఆయన అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకు సమాచారం అందించినట్టు 1979లో బయటపడిన పత్రాలు చెబుతున్నాయి, నిజమే. అయితే లావోస్‌లో ఆయన నడిపిన నామ్ థా, ముయాంగ్ సింగ్ ఆసుపత్రులు బూటకం కావు. 1959లో తనకు జరిగిన కేన్సర్ శస్త్రచికిత్సను సైతం ఆయన టెలివిజన్ కోసం చిత్రీకరించనిచ్చారు. కోలుకున్నాక మళ్లీ లావోస్‌కే వెళ్లి, 34 ఏళ్లు నిండిన మర్నాడు, 1961 జనవరి 18న న్యూయార్క్‌లో కన్నుమూశారు.