సపోర్ట్ గ్రూపులో చేరితే ఆయుష్షు రెండింతలవుతుందా? ఒక ప్రచారానికి ఖండన

ఒకే జబ్బు ఉన్నవారు కలుసుకుని ఒకరికొకరు ఆసరాగా నిలిచే సపోర్ట్ గ్రూపుల గురించి ఏళ్ల తరబడి చేతులు మారుతున్న ఒక సందేశం ఇలా చెబుతోంది: “సపోర్ట్ గ్రూపులో చేరిన రొమ్ము క్యాన్సర్ రోగులు చేరనివారికంటే రెండింతల కాలం బతుకుతారని శాస్త్రం తేల్చింది. పోరాడే మనసు ముందు జబ్బు ఓడిపోతుంది. కాబట్టి ప్రతి రోగీ ఏదో ఒక గ్రూపులో చేరి తీరాలి.” సదుద్దేశంతోనే పంపుతున్నా, ఇందులోని ఏ మాటా పరిశీలనకు నిలవదు.

మొదటి మాటకు మూలం లేకపోలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనోవైద్యుడు డేవిడ్ స్పీగెల్, ఆయన సహచరులు 1989లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన 86 మంది స్త్రీలలో 50 మంది ఏడాదిపాటు వారానికొకసారి నిపుణుల సమక్షంలో కూర్చుని, మరణభయంతో సహా అన్నీ మనసు విప్పి మాట్లాడుకున్నారు. నొప్పిని అదుపు చేసుకునే స్వీయ సమ్మోహన (సెల్ఫ్ హిప్నాసిస్) పద్ధతినీ నేర్చుకున్నారు. అధ్యయనంలో చేరిన నాటి నుంచి వారు సగటున 36.6 నెలలు, తక్కిన 36 మంది 18.9 నెలలు జీవించారు. ‘రెండింతలు’ అన్న మాట పుట్టింది ఇక్కడే. అయితే ఆ అధ్యయనాన్ని రూపొందించింది మనోవేదననూ నొప్పినీ కొలవడానికే తప్ప ఆయుష్షును కొలవడానికి కాదు. పాల్గొన్నవారి సంఖ్య తక్కువ. పైగా, పోలిక కోసం ఉంచిన స్త్రీలు అదే ప్రాంతంలోని అలాంటి రోగులకంటే త్వరగా మరణించారని, అందువల్లే తేడా అంత పెద్దదిగా కనిపించి ఉండవచ్చని తరువాత విమర్శకులు ఎత్తిచూపారు.

ఒక్క అధ్యయనం ఆశ కల్పించినప్పుడు దాన్ని మళ్లీ పరీక్షించడమే శాస్త్రం చేసే పని, ఆ పని జరిగింది కూడా. కెనడాలో పమేలా గుడ్విన్ బృందం ఇదే తరహా చికిత్సను 235 మంది స్త్రీలతో పరీక్షించి 2001లో ఫలితాలు వెల్లడించింది: గ్రూపులో ఉన్నవారి మధ్యస్థ జీవితకాలం (అంటే సగం మంది బతికి ఉన్న కాలం) 17.9 నెలలు, లేనివారిది 17.6 నెలలు. స్పీగెల్ స్వయంగా 125 మందితో తన ప్రయోగాన్ని తిరిగి నిర్వహించి, మొత్తం మీద ఆయుష్షులో తేడా లేదని 2007లో ప్రకటించారు. హార్మోన్లకు స్పందించని కణితులున్న కొద్దిమందిలో మాత్రం తేడా కనిపించింది కానీ, అంత చిన్న ఉపవర్గం మీద తీర్పు ఇవ్వలేం. తన పేరు మోసిన ఫలితాన్ని తానే తిరిగి పరీక్షించి, అది నిలవలేదని ప్రచురించడం గౌరవించదగిన పని. ప్రచారం మాత్రం 1989 దగ్గరే ఆగిపోయింది.

ప్రచారానికి అనుకూలంగా చూపగలిగే బలమైన ఆధారం మరొకటి ఉంది, దాన్ని దాచడం సరికాదు. అమెరికాలోని ఒహాయోలో బార్బరా ఆండర్సన్ బృందం రొమ్ము క్యాన్సర్ రెండో, మూడో దశలో ఉండగా శస్త్రచికిత్స పొందిన 227 మందిని సుమారు 11 ఏళ్లు గమనించి, గ్రూపులో పాల్గొన్నవారిలో వ్యాధి తిరగబెట్టడమూ దానివల్ల మరణాలూ తగ్గాయని 2008లో తెలిపింది. కాకపోతే అది మనస్తత్వ నిపుణులు ఒత్తిడి తగ్గించుకోవడం, ఆహారం, వ్యాయామం, చికిత్స క్రమం తప్పకపోవడం వంటివి నేర్పిన కార్యక్రమం. ఆ ఫలితాన్ని ప్రతి సపోర్ట్ గ్రూపుకూ అంటగట్టడం న్యాయం కాదు.

పోరాడే మనసు ముందు జబ్బు ఓడిపోతుందన్న రెండో మాటే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 578 మంది స్త్రీల మనోభావాలను పరిశీలించిన బ్రిటన్ అధ్యయనం, పోరాట పటిమకూ బతికి ఉండటానికీ సంబంధం కనబడలేదని 1999లో తెలిపింది. తీవ్రమైన నిస్సహాయతకు మాత్రం వ్యాధి తిరగబెట్టడంతో కొంత సంబంధం కనిపించింది. అందువల్ల కుంగుబాటును గుర్తించి చికిత్స చేయాలి, అది దానికదిగా అవసరం కూడా. కానీ ధైర్యమే జబ్బును ఓడిస్తుందని చెప్పినప్పుడు, వ్యాధి ముదిరిన స్త్రీకి మనం చెబుతున్నదేమిటి? ఆమె సరిగా పోరాడలేదనే కదా! కణితి స్వభావం, అది గుర్తించిన దశ, మందులకు అది లొంగే తీరు నిర్ణయించిన దానికి, నొప్పితో ఉన్న మనిషిని దోషిగా నిలబెట్టడం క్రూరత్వం. ఏడవాలనిపించినా నవ్వుముఖం పెట్టుకోవలసిన భారం కూడా ఆమె మీదే పడుతుంది.

‘ఏదో ఒక గ్రూపు’ అన్న మూడో మాట కూడా తప్పే. అమెరికా మనస్తత్వవేత్త విక్కీ హెల్గెసన్ బృందం రొమ్ము క్యాన్సర్ ఉన్న 312 మంది స్త్రీలతో చేసిన పరిశోధనలో, జబ్బు గురించీ చికిత్స గురించీ వివరంగా బోధించిన గ్రూపులు మేలు చేయగా, కేవలం తోటి రోగులు మాట్లాడుకునే గ్రూపులు మొత్తం మీద అంత మేలు చేయలేదు. భర్త నుంచి ఆసరా లేనివారికి ఆ మాటామంతీ ఉపకరించింది. ఇంట్లో ఆసరా బాగా ఉన్నవారిలో కొందరికి శారీరకంగా ఇబ్బందే పెరిగింది.

అలాగని గ్రూపులు వ్యర్థమని నేను అనడం లేదు. ఆయుష్షు పెరగదని చూపిన గుడ్విన్ అధ్యయనమే, గ్రూపులో ఉన్నవారికి మనోవేదనా నొప్పీ తగ్గాయనీ, మొదటి నుంచి ఎక్కువగా కుంగిపోయినవారికే ఆ మేలు ఎక్కువగా దక్కిందనీ చూపింది. మిగిలిన నెలలు తక్కువ బాధతో గడవడం చిన్న విషయం కాదు, దానికి అబద్ధపు వాగ్దానం తోడు అక్కర్లేదు. గ్రూపును ఎవరు నడుపుతున్నారో, అక్కడ మందులు మానమని ఎవరైనా చెబుతున్నారేమో ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది. ఒకటి రెండుసార్లు వెళ్లి, తనకు సరిపడదని మానేసిన స్త్రీని ఎవరూ నిలదీయకూడదు. ఆమె తన చికిత్సలో దేనినీ వదులుకోలేదు.