పోర్టులన్నీ ఒకేలా ఉంటాయి, బుద్ధులే వేరు

ఏడు వేల అయిదు వందలు పోసి, మౌసు బాణాన్ని బెల్లం పాకంలో పడ్డ చీమను చేసుకున్నాను. ఇప్పుడే, గంట క్రితం. ఒళ్లు మండుతూనే రాస్తున్నాను కాబట్టి అచ్చుతప్పులుంటే సర్దుకుపోండి.

డాకింగ్ స్టేషన్ కొన్నాను. ల్యాప్‌టాప్‌కు ఒక్క తీగ గుచ్చితే మానిటర్, కీబోర్డు, నెట్, చార్జింగ్ అన్నీ వచ్చేస్తాయన్న మాటకు పడిపోయాను. పెట్టె మీద అరచేయంత అక్షరాల్లో ‘4కే’ అని ఉంది. నా మానిటర్ కూడా 4కేనే. జాతకాలు కలిశాయనుకున్నాను. తీరా బిగించాక మౌసు కదిపితే, బాణం ఇంట్లో పెద్దవాళ్లను ఒక మాట అడిగి వచ్చినట్టు తాపీగా బయలుదేరుతోంది. సెట్టింగుల్లో చూస్తే 30 హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ముప్పైసార్లే మారుతోంది. 60 అన్న అంకే లేదు. పెట్టెను కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి తిప్పి చూశాను. బార్‌కోడ్ కింద ఆవగింజంత అక్షరాల్లో, 4కే పక్కన 30 అని ఉంది. నిజాయితీపరులు, అబద్ధమాడలేదు!

ఇక ‘100 వాట్ల చార్జింగ్’ కథ వినండి. పెట్టెలో అడాప్టరే లేదు. మన చార్జరే తెచ్చి దానికి గుచ్చాలట. నా దగ్గరున్నది 65 వాట్లది. అందులో తన వాటా తాను మింగి, మిగిలింది ల్యాప్‌టాప్‌కు వదిలింది డాక్. చార్జింగ్ నెమ్మదిగా అవుతోందని ల్యాప్‌టాప్ నన్నే మందలించింది.

కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఆ అమ్మాయి ఎంత మర్యాదగా చెప్పిందో. “మీ ల్యాప్‌టాప్ పోర్టు ఏ రకమో చూసుకుని కొనవలసింది సార్.”

ఎలా చూసుకోవాలి తల్లీ? మా నాన్నగారు 2002లో కొన్న కంప్యూటర్ వెనక ఊదారంగు పోర్టులో, అంటే తీగ గుచ్చే సందులో, కీబోర్డు, ఆకుపచ్చ దానిలో మౌసు, నీలం దానిలో మానిటర్, గులాబీ దానిలో మైకు. భోగి ముందు దుమ్ము దులిపేటప్పుడు మా అమ్మ తీగలన్నీ పీకేసి, తుడిచి, రంగుకు రంగు చూసి మళ్లీ పెట్టేసేది. జీవితంలో ఒక్క అక్షరం టైపు చేయని మనిషి! ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌కు ఉన్నవి రెండే సందులు, రెండూ యూఎస్‌బీ-సీ, అచ్చం కవలలు. కుడివైపు దానిలో బొమ్మ వస్తుంది. ఎడమవైపుది చార్జింగ్, ఫైళ్ల వరకే, బొమ్మ రాదు. ఆ ముక్క దాని నుదుటి మీద రాసి ఉండదు. తీగల సంగతీ ఇంతే. ఒకటి సెకనుకు 40 గిగాబిట్ల డేటా మోస్తుంది, ఇంకొకటి ఫోను చార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరాదు. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

సందులు పీకేసిన మహానుభావులను తలచుకుంటే మరీ మండుతుంది. 2016లో ఆపిల్ తన మ్యాక్‌బుక్ ప్రో నుంచి టీవీ, మానిటర్ తీగ గుచ్చే హెచ్‌డీఎంఐ, కెమెరా మెమరీ కార్డు సందు తీసేసింది. 2021లో అవే తిరిగి పెట్టి వరమిచ్చినట్టు అమ్మింది. మధ్యలో అయిదేళ్లు జనం అడాప్టర్లు కొన్నారు. మన ఇంటి తలుపులు ఊడదీసుకుపోయి మనకే అద్దెకిచ్చినట్టు లేదూ?

అసలు నాకు ఈ డాక్ పిచ్చి అంటించింది మా పాత ఆఫీసు. 2020 మార్చిలో “అన్నీ ఇంటికి తీసుకెళ్లండి, కుర్చీ కూడా” అన్నారు. మానిటర్, డాక్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. రెండేళ్లు ఒక్క తీగతో రాజాలా బతికాను. తర్వాత మెయిలు వచ్చింది: అన్నీ వాపసు చేయాలి, అదీ అసలు పెట్టెల్లోనే. మానిటర్ పెట్టెలో అప్పటికే మా అమ్మ బొమ్మల కొలువు బొమ్మలు పాత పేపర్లు చుట్టి సర్దేసింది. “వాళ్లకు అట్టపెట్టె కావాలా, మానిటర్ కావాలా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, వాళ్ల దగ్గర ఉంది: పెట్టె లేకపోతే చివరి జీతంలో కోత. దశావతారాల బొమ్మలను బకెట్‌లోకి మార్చి పెట్టె ఇచ్చాను. మత్స్యావతారం తోక విరిగింది. ఆ తోక నేను మరిచిపోను.

ఇంతకీ డాక్ కొనవచ్చా అని అడగబోతున్నారు కదా. రోజూ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి ఆఫీసుకు మోసుకెళ్లి, సాయంత్రం వచ్చి రెండు మానిటర్లు, నెట్ తీగ, కెమెరా అన్నీ మళ్లీ తగిలించే వాళ్లయితే కొనండి, సొంత అడాప్టర్‌తో వచ్చే మంచిదే కొనండి. నాలాగా బల్ల మీద నుంచి కదలని ల్యాప్‌టాప్, ఒకే మానిటర్ ఉన్నవాళ్లకు ఎందుకండీ? ఇందాక వీధి చివర కొట్టులో యూఎస్‌బీ-సీ నుంచి మానిటర్ వెనకుండే డిస్‌ప్లేపోర్ట్ సందుకు వెళ్లే తీగ తొమ్మిది వందలకు తెచ్చి నేరుగా గుచ్చాను. 60 హెర్ట్జ్, పాదరసంలా జారుతోంది బాణం. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీ సందులో బొమ్మ, ఫైళ్లు నడిచే నాలుగు దారులుంటాయి. నా డాక్ రెండింటిని ఫైళ్లకు అట్టిపెట్టి, బొమ్మను మిగతా రెండింట్లోంచి పంపుతోంది, అదీ పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంతో. మెట్రో పనులు జరిగినప్పటి అమీర్‌పేట రోడ్డన్నమాట. నేరుగా తీగ పెడితే నాలుగూ బొమ్మకే. చార్జర్ ఎడమ సందులోకి పోయింది. మౌసు, కీబోర్డు బ్లూటూత్‌వే. అంటే ఇన్ని వేలు పోసి నేను తప్పించుకోబోయింది ఒక్కసారి ఒక్క తీగ గుచ్చడం.

వాపసు చేద్దామని ఆప్ తెరిస్తే కారణం ఎంచుకోమంది. ‘వస్తువు పాడైంది’, ‘వేరే వస్తువు వచ్చింది’, ‘మనసు మారింది’. ఆవగింజ అక్షరాల గురించి ఏమీ లేదు. మనసు మారింది అని నొక్కాను. అసలు పెట్టెలోనే పెట్టి ఇవ్వాలట.