నర్సరీ టీచర్‌కు ట్రైనింగ్ ఎందుకు అనేవాళ్ళకు

హన్మకొండలో ప్రీస్కూల్ డిప్లొమా, అదే డీపీఎస్ఈ చదువుతున్నా అని చెప్తే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకరు అననే అంటారు: "పిల్లలను ఆడిచ్చుడే గదా బిడ్డా, దానికి గూడ రెండేండ్ల కోర్సా?" డీఈఈసెట్ అనే ఎంట్రెన్స్ రాసి తెచ్చుకున్న సీటిది. అదే బీటెక్ అంటే ఏ బ్రాంచి అని మర్యాదగా అడుగుతారు.

సరే, ఆడించుడే అనుకుందాం. ఇరవై మంది మూడేళ్ళ పిల్లల్ని ఒక్క అరగంట ఆడించి చూపించండి. ఒకడు ఏడుస్తుంటాడు, ఒకామె చెప్పులేసుకుని ఇంటికి బయల్దేరుతుంది, ఇంకొకడు పక్కోడి చెవిలో పూస దూర్చే పనిలో ఉంటాడు. వీళ్ళందరినీ కనిపెట్టుకుంటూనే ఎవరికి వేళ్ళలో పట్టు వచ్చింది, ఎవరు ఇంకా ఎవరితోనూ మాట కలపట్లేదు అన్నది గమనించి రికార్డు రాయాలి.

ప్రాక్టీస్‌కు పోయిన ఒక ప్రైవేటు స్కూల్లో మూడున్నరేళ్ళ బాబు పెన్సిల్‌ను పిడికిట్లో గునపంలా పట్టుకుని, నాలుక బయటపెట్టి మరీ 'ఏ' దిద్దుతున్నాడు. కాగితం చిరిగింది, వాడు భయంగా నా మొహం చూశాడు. ఆ వయసుకు మణికట్టు ఎముకలే పూర్తిగా గట్టిపడవు, దిద్దమంటే ఎట్లా? వాడికి కావాల్సింది పిండి పిసకడం, కాగితాలు చింపడం, పూసలు గుచ్చడం. బతుకమ్మ పండుగప్పుడు తంగేడు, గునుగు, బంతి దేని కుప్ప దానికి వేయమంటే చాలు, వేళ్ళకు పని, పక్కనే లెక్కలకు పునాది. కానీ సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి, "నోట్‌బుక్ ఖాళీగ ఉంది, ఏం చెప్తున్నరు మేడం?" అంది. ఆమెను అని ఏం లాభం, హోంవర్క్ ఎక్కువిచ్చే స్కూలే మంచి స్కూలని ఊరంతా నమ్ముతుంటే!

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవాళ్ళకు ఏడాది డిప్లొమా అన్నారు. బాగానే ఉంది. మరి ఆ టీచరమ్మకు పాఠం చెప్పే టైమేదీ? పిల్లల బరువులు తూచాలి, గుడ్ల లెక్క చూడాలి, బాలామృతం అనే పోషకాహార పొడి పంచాలి, ఫోన్‌లో ఎంట్రీలు చేయాలి, పైగా చాలామందికి ఓటరు లిస్టు డ్యూటీ. 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచీ ప్రీస్కూల్ చదువు అందులో ఒక సేవే, కానీ రోజు గడిచేసరికి వెనక్కి పోయేది అదే.

ఇక ప్రైవేటు సంగతి. ఉద్యోగం అడగడానికి పోతే ఒక కరస్పాండెంట్ గారు ఆరు వేలు, బస్ డ్యూటీ అదనం అన్నారు. డిప్లొమా చేస్తున్నా సార్ అంటే, "ఇంటర్ పాసైన పిల్లలు మస్తు మంది దొరుకుతున్నరమ్మా" అని నవ్వారు. గోడల మీద మాత్రం మాంటిస్సోరి పద్ధతి అని ఇంతెత్తు బోర్డు!

నర్సరీ అడ్మిషన్‌కు పోయినప్పుడు ఫీజెంత, బస్సుందా అని అడుగుతారు కదా, అదే నోటితో క్లాస్‌టీచర్ ఏం చదివింది, ఆమెకు జీతమెంత అని కూడా అడగండి. ఆఫీసు రూములో ఎవరు నీళ్ళు నములుతారో మీరే చూస్తారు.