మూడు రొట్టెలు

నెల్లూరు పొగతోటలో డాక్టరు నా బీపీ చూసి, నమ్మకం కుదరక, రెండో చేతికి పట్టీ కట్టి మళ్లీ చూశారు. ఆ చెయ్యీ అదే మాట చెప్పింది: 160/100. "ఆఫీసు పని కాస్త తగ్గించుకోండి" అన్నారు. ఆ ముక్క మా ఆఫీసరుగారికి చీటీ మీద రాసివ్వమంటే నవ్వి, మాత్రలు రాసిచ్చారు.

మా ఆవిడ మాత్రల మీద భారం వేసి ఊరుకునే మనిషి కాదు. "నెల్లూరులో ఉండి రొట్టెల పండుగ మరిచిపోతే ఎలాగండీ? ఆరోగ్య రొట్టె పట్టుకోండి" అంది.

మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. తీరాక మళ్లీ మనం తెచ్చి ఇవ్వాలి. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. సెలవు రొట్టె ఇంకా రాలేదు. వస్తే ఆ చెరువు చాలదు.

2015లోనే ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఆ సంగతి మా ఆఫీసరుగారి దాకా వచ్చినట్టు లేదు. ఒక్క పూట సెలవుకు వంద ప్రశ్నలు వేసి, "ఫోను మాత్రం దగ్గరుంచుకోండి" అన్నారు.

మోకాలి లోతు నీళ్లలో, తలమీద తువ్వాలు కప్పుకుని, దోసిలి పట్టి నిలబడ్డాను. "ఆరోగ్య రొట్టె" అంటూ ఒక పెద్దావిడ నా వైపే వస్తోంది. ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మళ్లీ దోసిలి పట్టాను.

"పట్టికలో మొత్తం కుదరడం లేదు. అసలు మీకు కావలసింది ఏమిటి, ఉద్యోగమా, తిరుగుళ్లా?"

"ఉద్యోగమే సార్, ఉద్యోగమే!" అని అరిచాను. ఆ జనంలో మెల్లగా అంటే వినబడదు.

పెద్దావిడ ఆగిపోయింది. నా నెరిసిన జుట్టు వంక జాలిగా చూసి, "ఈ వయసులోనా నాయనా!" అని వెనక్కి తిరిగింది. "ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుందమ్మా? పాపం, ఈయనకు ఇంకా దొరకలేదట!"

క్షణంలో నా దోసిట్లో మూడు ఉద్యోగ రొట్టెలు పడ్డాయి. ఉన్న ఒక్కదానితోనే బీపీ 160. అయినా అంత ఆప్యాయంగా ఇస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు. కృతజ్ఞతగా తల వంచాను.

బుడుంగుమంది. సార్ అడుగున కూడా కాసేపు మాట్లాడే ఉంటారు.

ఫోను వెతికి తీసి, ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో పూడ్చాం. పేరుపడ్డ నెల్లూరు మొలగొలుకులు అన్నానికే గాని ఫోనుకు పనికిరావని తేలింది. బాగుచేసే కుర్రాడు మూడు రోజులు గడువడిగాడు. ఆ మూడు రాత్రులూ నన్నెవరూ పిలవలేదు. తొమ్మిదికల్లా నిద్రపోయాను. నిద్రలో జేబు తడుముకున్నానట. ఆ బనియనుకు జేబే లేదు.

తర్వాత చూపించుకుంటే 130/85. మాత్రల మహిమ అన్నారు డాక్టరు. రొట్టె మహిమ అంది మా ఆవిడ.

ఆఫీసరుగారు గదిలోకి పిలిచి, "మూడు రాత్రులు మీరు అందకపోయేసరికి మీ విలువ తెలిసిందండీ" అన్నారు. బదిలీ అయిన ఇద్దరి పనీ నాకే అప్పగించారు. నా కుర్చీతో కలిపి మూడు. రొట్టెలూ మూడే.

"వచ్చే ఏడు మూడు రొట్టెలు మనం ఇవ్వాలండీ" అని లెక్క కట్టింది మా ఆవిడ.

"ఇద్దాం. నువ్వు రొట్టెలు పట్టుకో. ఫోను నేను పట్టుకుంటాను."