నేను ఏ సంవత్సరం పుట్టానంటే...

మొన్న సంక్రాంతికి ముందు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఎక్సెల్ షీట్ వచ్చి పడింది. ప్రతి ఏడూ ముగ్గుల పోటీ, పిల్లలకి భోగిపళ్ళు, చివర్లో భోజనాలు, అంతటితో పండగ అయిపోయేది. ఈసారి కల్చరల్ కమిటీని నాలుగో అంతస్తు కుర్రాడు నెత్తినేసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడే, కానీ మా ఆవిడని "అక్కా" అంటాడు, నన్ను "అంకుల్" అంటాడు. ఈ లెక్క ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అతగాడు అపార్ట్‌మెంట్ మొత్తాన్ని పుట్టిన సంవత్సరాన్ని బట్టి జట్లుగా విడగొట్టేశాడు. 1946 నుంచి 64 దాకా బూమర్లు, 65 నుంచి 80 దాకా జెన్ ఎక్స్, 81 నుంచి 96 దాకా మిలీనియల్స్, 97 నుంచి 2012 దాకా జెన్ జీ, ఆ తరవాత పుట్టిన బుడతలంతా ఆల్ఫాలు. మిలీనియల్స్‌కీ జెన్ జీకీ క్రికెట్టు, టగ్ ఆఫ్ వార్. జెన్ ఎక్స్‌కి తంబోలా, కుర్చీలాట. కుర్చీలాట పక్కన చిన్న అక్షరాలతో "మోకాళ్ళ నొప్పులున్నవారు ముందుగా తెలపగలరు" అని కూడా ఉంది.

మా ఆవిడ మిలీనియల్స్ జట్టు కెప్టెన్. నేను కుర్చీలాటలో.

ఇక్కడ నా గోడు కాస్త వినాలి. నేను పుట్టింది 1981 జనవరిలో, కనుమ రోజున. ఆధార్ కార్డులో ఉన్నది మాత్రం 1980 జూన్ 1. తణుకు దగ్గర మా ఊరి బళ్ళో నన్ను చేర్చడానికి మా నాన్న తీసుకెళ్ళిన రోజున నాకు నిండా నాలుగున్నరేళ్ళు. ఒకటో తరగతిలో కూర్చోవాలంటే అయిదు నిండాలి. అప్పట్లో వయసు పరీక్ష ఒకటుండేది, కుడిచెయ్యి నెత్తి మీంచి తిప్పి ఎడమచెవి అందుకోవాలి. నాకు అందలేదు. హెడ్‌మాస్టారు దయగల మనిషి, నా తలని కాస్త పక్కకి వంచి చెవినే చేతికి అందించి, "ఇదిగో, అందింది, రాసుకో" అన్నారు. రాసుకున్నారు, జూన్ ఒకటి అని. మా క్లాసులో నాతోపాటు ఇంకో పదిహేను మందిదాకా జూన్ ఒకటినే పుట్టారు, ఆ రోజు మా ఊరి మంత్రసాని ఎంత అవస్థ పడిందో పాపం.

అంటే అసలు పుట్టుకకీ కాగితం పుట్టుకకీ తేడా ఏడున్నర నెలలు. ఇన్నేళ్ళలో ఆ ఏడున్నర నెలలు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ ఎక్కడో వాషింగ్టన్‌లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ వాళ్ళు కూర్చుని జెన్ ఎక్స్‌కీ మిలీనియల్స్‌కీ మధ్య గీత సరిగ్గా 1980కీ 81కీ నడుమన గీశారు, ఆ గీత వచ్చి వచ్చి నా రెండు పుట్టినరోజుల మధ్య నుంచి పోయింది. రోడ్డు వెడల్పులో మన ఇల్లు ఒక్కటే సగానికి పోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

గ్రూపులో పెడితే పరువు పోతుందని, భోగి నాడు సాయంత్రం క్లబ్ హౌస్‌కి స్వయంగా వెళ్ళాను. మా అమ్మానాన్నలు కూడా వెంట వచ్చారు. నాన్న 1948లో పుట్టారు కాబట్టి బూమర్ అన్నాడు కుర్రాడు. బూమర్ అంటే బబుల్‌గమ్ కదరా అన్నారు నాన్న. యుద్ధం అయిపోయి సైనికులు ఇళ్ళకి చేరాక అమెరికాలో పిల్లలు ఒక్కసారిగా ఎక్కువ పుట్టారు తాతగారూ, అందుకని ఆ తరానికి ఆ పేరు, అని వివరించాడు. "మా ఊరి నుంచి ఎవడూ యుద్ధానికి వెళ్ళలేదు, మా ఇంట్లో మేం పదకొండుమందిమి, మా నాన్న పొలానికి తప్ప ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు" అన్నారు నాన్న. కుర్రాడి దగ్గర దీనికి జవాబు లేదు.

అమ్మకి ఇంకో బెంగ. "మిల్లువాళ్ళ జట్టులో వీడినెందుకు కలుపుతారురా, మనకి మిల్లెక్కడిది" అని. మిలీనియల్ అని నాలుగుసార్లు చెప్పాను, అయిదోసారి నాకే మిల్లు అని వినిపించడం మొదలైంది.

"ఆధార్ ప్రకారం వెళ్దాం అంకుల్" అన్నాడు కుర్రాడు. ఆధార్ తప్పు అన్నాను. ప్రూఫ్ ఉందా అన్నాడు. ఉంది! మా పురోహితుడు రాసిచ్చిన జాతకం, నాలుగు అంచులా పసుపు పూసిన కాగితం, అమ్మ దాన్ని చీరల బీరువాలో చీరలకన్నా భద్రంగా దాస్తుంది. ఎందుకైనా మంచిదని జేబులో పెట్టుకునే వచ్చాను. శ్రీ రౌద్రి నామ సంవత్సరం, పుష్య మాసం, గురువారం.

అతగాడు ఫోన్‌లో రౌద్రి అని కొట్టి, తల ఎత్తి, "1980 అని వస్తోంది అంకుల్" అన్నాడు.

బాబూ, రౌద్రి 80 ఉగాదికి మొదలై 81 ఉగాదికి ముగుస్తుంది, మన సంవత్సరం జనవరి ఒకటిన మారదు, పుష్యం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్ మారిపోయి ఉంటుంది, అని చెప్పుకొచ్చాను. అయినా వాళ్ళకి ఎక్స్ తరవాత వై, జెడ్ రాగానే అక్షరాలు నిండుకుని గ్రీకు వాళ్ళ ఆల్ఫా అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది, మనకి అరవై పేర్లున్నాయి, అక్షయ అయిపోతే మళ్ళీ 87లో ప్రభవ నుంచి మొదలెట్టుకున్నాం, అని కూడా అన్నాను. ఆవేశంలో ఉన్నప్పుడు నాకు మాటలు బాగానే వస్తాయి. కుర్రాడు మెత్తబడ్డాడు, పెన్ను కూడా తీశాడు.

సరిగ్గా అప్పుడే అయిదో అంతస్తు లెక్చరర్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన రిటైరయ్యారు కానీ పాఠం చెప్పడం మానలేదు. "అసలు మిలీనియల్స్ అన్న పేరు పెట్టిందే విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు. 2000లో హైస్కూలు ముగించే పిల్లల్ని ముందు పెట్టుకుని, 1982 నుంచి లెక్క మొదలెట్టారు. వాళ్ళ ప్రకారం 81లో పుట్టినా మీరు పాత తరమే. ప్యూ వాళ్ళు కూడా ఈ గీతలు గట్టివి కావని ముందే చెప్పారు. 2023లో అయితే ఇక ఈ పేర్లు తగ్గించి వాడతామన్నారు" అన్నారు. మరి అవతలి గీత 96 దగ్గరే ఎందుకు ఆపారండీ అని ఎవరో అడిగారు, అడగకుండా ఉండాల్సింది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు వాళ్ళలో ఎక్కువమంది అయిదేళ్ళకీ ఇరవయ్యేళ్ళకీ మధ్య ఉన్నారు, ఆ ఘటన గుర్తుండే వయసు, అదీ వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి, అని ఇంకో పది నిమిషాలు చెప్పారు.

చేతులనిండా ముగ్గుపిండితో మా ఆవిడ అప్పుడే లోపలికి వచ్చింది. చివరి మాటలు మాత్రమే విన్నట్టుంది, మొగుడు చిక్కుల్లో ఉన్నాడని అర్థమై నా తరఫున గట్టిగా నిలబడింది.

"82 నుంచైనా ఏం ఫర్వాలేదు సార్. మా ఆయన పుట్టింది 82లోనే. సర్టిఫికెట్‌లో రెండేళ్ళు ఎక్కువేశారు."

నేను సీలింగ్ ఫ్యాన్ వంక చూశాను. జనవరి కదా, ఆపేసి ఉంది.

సంగతేమిటంటే, మా పెళ్ళిచూపులప్పుడు మా ఊరి పెళ్ళిళ్ళ పేరయ్య, అమ్మాయి 84 కాబట్టి అబ్బాయి 82 అయితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని, నా జాతకాన్ని శుభ్రంగా తిరగరాయించి ఇచ్చాడు. ఆ సంగతి నాకు పెళ్ళయ్యాక తెలిసింది. సర్టిఫికెట్‌లో 80 ఎందుకుందని తను ఒకసారి అడిగితే హెడ్‌మాస్టారి కథ చెప్పాను. కథంతా నిజమే, నెలల దగ్గర మాత్రం కొంచెం మసకగా చెప్పాను. ఆ మసకలోనే పద్దెనిమిదేళ్ళు సంసారం చేసుకొచ్చాం.

"82 ఏంటమ్మా" అంది మా అమ్మ. "మా పిల్లల లెక్క నాకు కంఠతా వచ్చు. పెద్దది దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు. చిన్నాడు రామారావు గారు ముఖ్యమంత్రి అయిన వారంలోనే. చిన్నాణ్ణి పొత్తిళ్ళలో పెట్టుకునే వీడికి కనుమ నాడు రెండో పుట్టినరోజు చేశాం, గారెలు వండాం."

మా ఆవిడకి లెక్కలు బాగా వచ్చు, బ్యాంకులో పనిచేస్తుంది. రామారావు గారు ముఖ్యమంత్రి అయింది 83 జనవరిలో. అందులోంచి రెండు తీసేయడానికి ఆవిడకి కాలిక్యులేటర్ అక్కర్లేదు. ముగ్గుపిండి చేతులు నడుం మీద పెట్టుకుని, జాతకం కాగితం ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, "ఏవండీ, ఇంటికొచ్చాక మాట్లాడదాం" అంది. చాలా మర్యాదగా అంది. ఆ మర్యాదకే మా నాన్న కూడా భయపడి తంబోలా టికెట్ కొనుక్కోవడానికి వెళ్ళిపోయారు.

కుర్రాడికి జాలేసినట్టుంది. "అంకుల్, ఇంకోటుంది. జెనియల్స్ అంటారు. 77 నుంచి 83 మధ్య పుట్టినవాళ్ళు, అటూ కాదు ఇటూ కాదు." బళ్ళో పుట్టిన 80, మా అమ్మకి పుట్టిన 81, పేరయ్యకి పుట్టిన 82, మూడూ అందులో పట్టేశాయి. షీట్‌లో కొత్త గడి తెరిచి నా పేరు రాశాడు. జట్టులో నేనొక్కణ్ణే. ఒక్కడు ఎవరితో తాడు లాగుతాడని, నన్ను అంపైర్ చేసి చేతికి విజిల్ ఇచ్చారు.

కనుమ నాడు టగ్ ఆఫ్ వార్‌లో మిలీనియల్స్ గెలిచారు. మా ఆవిడ జట్టు గీత దాటిందో లేదో నాకు సరిగ్గా కనపడలేదు, అయినా విజిల్ వేసేశాను, ఆ రోజు ఏ గీత గురించీ వాదించే ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నం గారెలు తింటుంటే రాజమండ్రి నుంచి మామగారు ఫోన్ చేశారు. ప్రతి ఏడూ చేస్తారు, క్షేమం అడిగి, దీవించి పెట్టేస్తారు.

"అల్లుడు గారూ, పుట్టినరోజు శుభాకాంక్షలండీ" అన్నారు, ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ ఎన్నోదండీ?"