ఆట ఆపగల మనిషి మైదానంలో ఉండాలి

2021 మార్చి 22 సాయంత్రం సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభానికి జనం పోటెత్తారు. పోటీలు మొదలయ్యేలోపే ప్రేక్షకుల గ్యాలరీ కుప్పకూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. గ్యాలరీ ఎవరు కట్టారు, ఎంత గట్టిగా కట్టారు అని కొన్నాళ్లపాటు అందరూ మాట్లాడుకున్నారు. మాట్లాడుకోవలసిందే. అయితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "ఇక ఎవరినీ పైకి ఎక్కించొద్దు, ఉన్నవాళ్లు దిగేదాకా కార్యక్రమం మొదలుకాదు" అని చెప్పి, ఆ మాట చెల్లించుకోగల మనిషి మన మైదానాల్లో ఎవరు? అది జాతీయస్థాయి పోటీ కావచ్చు, మండల కేంద్రంలో హైస్కూలు గ్రౌండు కావచ్చు. జవాబు దాదాపు ఎక్కడా లేదు.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆటలకు కొదవ లేదు. సంక్రాంతి వస్తే ఊరూరా కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు. బడులు తెరిచాక ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి సాగుతాయి. సీఎం కప్పు వచ్చింది. అకాలంగా పోయినవాళ్ల పేరుమీద స్నేహితులు ఏటేటా జరిపే స్మారక టోర్నమెంట్లున్నాయి. ఇది మంచి సంగతి. సెల్‌ఫోను చేతిలోంచి జారని వయసులో పిల్లలు చెమటోడ్చి మట్టిలో పొర్లుతున్నారంటే ఆ పుణ్యం చాలావరకు చందాలు పోగుచేసి పోటీలు పెట్టే యువజన సంఘాలదీ, జీతానికి మించి తిరిగే పీఈటీలదీ (వ్యాయామ ఉపాధ్యాయులదీ). వాళ్లమీద మాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాం.

ఏ టోర్నమెంటు చూసినా కన్వీనర్ ఉంటాడు, కోశాధికారి ఉంటాడు, అంపైర్లు, స్కోరర్లు, మైకు పట్టేవాళ్లు, భోజనాలు చూసేవాళ్లు ఉంటారు. ఆడటానికి వచ్చిన పిల్లలు వచ్చినట్టే ఇంటికి చేరేలా చూడటమే పనిగా పెట్టుకున్నవాళ్లు మాత్రం ఉండరు. అది అందరి బాధ్యతే అంటారు. అందరిదీ అన్నప్పుడు ఆ క్షణంలో ముందుకొచ్చి ఆట ఆపేదెవరు? మధ్యాహ్నం రెండింటికి ఫైనల్ నడుస్తుంటుంది. ముఖ్య అతిథి బయల్దేరాడని ఫోనొస్తుంది. టెంటు కిరాయి ఆ సాయంత్రం దాకే. దేవరకొండ నుంచో కల్వకుర్తి నుంచో వచ్చిన జట్టు చివరి బస్సు అందుకోవాలి. నిర్వాహకుడికీ, అంపైరుకూ, కోచ్‌కూ, ఆఖరికి ఆడే పిల్లకూ ఆట పూర్తికావాలనే ఉంటుంది. ఆ పిల్లకు ఒక సర్టిఫికెట్ కావాలి, గురుకులంలో గుర్తింపు కావాలి, హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఎంపికల్లో తమ్ముడికి తాను దారి చూపాలి. కళ్లు తిరుగుతున్నా తిరగట్లేదనే చెబుతుంది. అందుకే ఆపే అధికారం ఆట పూర్తిచేయాలనుకునేవాళ్ల చేతిలో ఉండకూడదు.

మా ప్రతిపాదన చాలా చిన్నది. ప్రతి పోటీకీ, ప్రతి శిక్షణ శిబిరానికీ ఒక భద్రతా బాధ్యుడు ఉండాలి. పేరు, ఫోన్ నంబరు అనుమతి కాగితంలోనే రాయాలి. ఆ రోజు ఆ వ్యక్తికి మరో పని అప్పగించకూడదు. ఆపమంటే ఆపాలి. ఆ మాటకు కన్వీనరైనా, అతిథిగా వచ్చిన ప్రజాప్రతినిధైనా అడ్డు చెప్పకూడదు.

ఎండ సంగతి చూడండి. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాల్లో 44, 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. సరిగ్గా ఆ నెలలోనే వేసవి శిక్షణ శిబిరాలు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. ప్రాణం పోయాక ఎంతివ్వాలో తేలింది. ప్రాణం పోకుండా ఏ వేళకు ఆట ఆపాలో, ఎవరు ఆపాలో తేలలేదు. నీడలో కూర్చున్న మనిషికీ, పరుగెత్తే మనిషికీ ఎండ ఒకటి కాదు. కండరాలు పనిచేస్తున్నప్పుడు ఒళ్లే వేడి పుట్టిస్తుంది. చెమట ఆరి ఆ వేడి బయటికి పోయే వీలు లేకపోతే లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పిల్లాడు తూలుతాడు, పొంతనలేని మాటలు మాట్లాడతాడు, ఊరికే కోపగిస్తాడు. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనుకోవడం ప్రమాదం. ఆటలో తగిలే వడదెబ్బకు ఒళ్లు చెమటతో తడిసి ఉండగానే ప్రాణంమీదికి వస్తుంది.

అప్పుడు చేయవలసింది డాక్టరు కానివాళ్లకూ చేతనవుతుంది. 108కు ఫోన్ చేస్తూనే, బండి వచ్చేదాకా కాచుకోకుండా అక్కడే ఒళ్లు చల్లబరచాలి. నీడకు చేర్చి, బూట్లూ జెర్సీ విప్పి, నీళ్ల తొట్టిలో తల పైకి పట్టుకుని మెడదాకా దించాలి. తొట్టి లేకపోతే తడి తువ్వాళ్లు మారుస్తూ, బిందెలతో నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. ఈ వరస తెలియక ఆటోలో కుక్కి ముప్ఫై కిలోమీటర్లు తీసుకుపోతే ఆ ప్రయాణంలోనే కాలం మించిపోతుంది. మన ఊళ్లలో సిమెంటు గోలేలకు కరువు లేదు. నీళ్లు నింపిన గోలెం ఒకటి, నాలుగు తువ్వాళ్లు, ఒక ఐసుపెట్టె మైదానం పక్కనుంటే ఒక నిండు జీవితం నిలుస్తుంది. ఇక శిబిరాలు ఉదయం ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. ఇంటిపట్టున ఉన్న పిల్లలను మొదటిరోజే గంటలకొద్దీ పరుగెత్తించకూడదు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అతిథి కోసం పిల్లలను వరుసకట్టి ఎండలో నిలబెట్టడం మాత్రం ఈ ఏడాదితోనే ఆగిపోవాలి. ప్రారంభోత్సవంలో సొమ్మసిల్లి పడిపోయే పిల్లలు ఆడటానికి వచ్చినవాళ్లు.

వానాకాలంలో పిడుగు భయం. ఉరుము వినిపించిందంటే మైదానం ఖాళీ చేయాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి దిగకూడదు. వేపచెట్టు కిందికీ, ఇనుప గుంజల టెంటు కిందికీ పరుగెత్తడం రక్షణ కాదు, పక్కా భవనంలోకి పోవాలి. దామిని యాప్ ముందే హెచ్చరిస్తుంది. చూసేవాళ్లొకరు ఉండాలి.

సామగ్రి మాట. 2025 నవంబరులో హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో బాస్కెట్‌బాల్ స్తంభం మీద పడి పదహారేళ్ల జాతీయస్థాయి ఆటగాడు ప్రాణాలు కోల్పోయాడు. ఒంటరిగా సాధన చేసుకుంటూ రింగుకు వేలాడగానే తుప్పుపట్టిన స్తంభం విరిగి ఛాతీమీద పడింది. ఆ వార్త చదివి మన జిల్లాల్లో ఎన్ని స్తంభాలను కదిపి చూశారు? 2022 నుంచి ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో చాలాచోట్ల కసవు మొలిచింది. వాలీబాల్ గుంజలూ, వేలాడే ఇనుప బార్లూ వానకు తడిసి, ఎండకు ఎండి నిలబడి ఉన్నాయి. పాతిన చోట మట్టి కొట్టుకుపోయిందో, వెల్డింగ్ పగిలిందో చేత్తో ఊపి చూస్తే తెలుస్తుంది. పంచాయతీ కార్యదర్శి నెలకొకసారి ఆ పని చేసి రిజిస్టరులో రాయాలి. బాగాలేనిదాన్ని బాగుచేసేదాకా తీసి పక్కన పడేయాలి.

కేరళలోని పాలాలో 2019 అక్టోబరులో జరిగింది మరింత బాధాకరం. రాష్ట్ర జూనియర్ అథ్లెటిక్స్ పోటీల్లో వాలంటీరుగా పనిచేస్తున్న పదహారేళ్ల విద్యార్థి తలకు, విసిరిన హ్యామర్ (తీగకు కట్టిన ఇనుప గుండు) తగిలి, కొన్నాళ్లు ఆస్పత్రిలో పోరాడి చనిపోయాడు. ఒకే మైదానంలో జావెలిన్, హ్యామర్ ఒకేసారి నడిపారు. మన మండల, జిల్లా పోటీల్లోనూ విసిరిన డిస్కసూ, గుండూ ఏరుకొచ్చేది పిల్లలే. ఒక పక్క త్రోలు, ఇంకో పక్క పరుగులు, మధ్యలోంచి నీళ్లకు పోయే పిల్లలు. ఒక రోజులో అన్నీ ముగించాలన్న తొందరే ఇందుకు కారణం. త్రోలు నడిచేటప్పుడు ఆ వైపు ఇంకేదీ నడవకూడదు, ఏరడం పెద్దవాళ్లే చేయాలి. ఒక్క రోజులో అయ్యేది రెండు రోజులు పట్టనివ్వండి.

కబడ్డీలో తల నేలకు కొట్టుకున్నా, ఎదుటివాడి మోకాలు కణతకు తగిలినా మొహంమీద నీళ్లు చల్లి మళ్లీ కూతకు పంపడం మనం చూస్తూనే ఉన్నాం. తలకు దెబ్బ తగిలాక కాసేపు తికమకపడినా, అడిగిందే అడుగుతున్నా, వాంతి చేసుకున్నా ఆ రోజుకు ఆ ఆటగాడికి ఆట అయిపోయినట్టే. మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణాపాయం. అంతర్జాతీయ క్రికెట్‌లోనే 2019 నుంచి తలకు దెబ్బతగిలినవాళ్ల బదులు మరొకరిని దించే వీలు కల్పించారు. ఊరి టోర్నమెంటులో ఆ వీలు కల్పించడానికి ఏ ఖర్చూ లేదు. కార్కు బంతితో ఆడించేవాళ్లు హెల్మెట్ లేనిదే బ్యాటు ఇవ్వమని తేల్చిచెప్పాలి. ఆడుతూ ఆడుతూ ఎవరి దెబ్బా తగలకుండానే కూలిపోయి, పిలిచినా పలకక, ఊపిరి మామూలుగా ఆడనివాళ్లకు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, బలంగా. ఇలా ఛాతీ నొక్కే సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. అది ముందుగా అందవలసింది పీఈటీలకూ, ఊరి క్లబ్బుల కుర్రాళ్లకూ.

ఆడపిల్లల విషయంలో భద్రత అంటే దెబ్బలు తగలకుండా చూడటం ఒక్కటే కాదు. జిల్లా దాటి ఆడబోయే పిల్లలు బడిగదుల్లో, ఫంక్షన్ హాళ్లలో పడుకుంటారు. బట్టలు మార్చుకోవడానికి చోటు, గడియపడే మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ఎవరు చూస్తున్నారు? 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సహరాన్‌పూర్‌లో కబడ్డీ ఆడటానికి వచ్చిన అమ్మాయిలకు మరుగుదొడ్డి గదిలో పెట్టిన అన్నం వడ్డించిన దృశ్యాలు దేశమంతా చూసింది. అదే ఏడాది జూన్‌లో భారత క్రీడా ప్రాధికార సంస్థ, మహిళా క్రీడాకారులున్న బృందం వెంట మహిళా కోచ్ తప్పక ఉండాలని ఆదేశించింది. మన మండల జట్లకూ అదే నియమం కావాలి. మహిళా కోచ్ దొరకకపోతే ఉపాధ్యాయురాలో, ఒక తల్లో వెంట వెళ్లాలి. కోచ్ ఒక్కడే ఒక పిల్లను బండిమీద ఎక్కించుకుపోవడం, రాత్రిపూట విడిగా మెసేజీలు పెట్టడం, గది తలుపులు మూసి శిక్షణనడం ఎంత మంచివాడి విషయంలోనైనా ఒప్పుకోరాదు. ఈ నియమం మంచి కోచ్‌లను కూడా కాపాడుతుంది.

చట్టం ఈపాటికే గట్టిగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలమీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానమున్నా పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దాచిపెట్టడం నేరం, దాచినవాడు సంస్థ అధిపతి అయితే శిక్ష ఇంకా ఎక్కువ. పిల్లల నమ్మకాన్ని చూరగొన్న స్థానంలో ఉండి అఘాయిత్యం చేస్తే నేర తీవ్రత పెరుగుతుంది. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాలనూ, పోటీలు జరిగే చోటునూ పేరుపెట్టి చేర్చింది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సురక్షిత క్రీడా విధానం గురించి చెబుతోంది. ఇన్ని ఉన్నా పెద్దల మధ్య రాజీ కుదిర్చి, "పిల్ల భవిష్యత్తు పాడవుతుంది" అని తల్లిదండ్రుల నోరు నొక్కే అలవాటు పోలేదు. భవిష్యత్తు పాడుచేసింది నేరం చేసినవాడు. ప్రతి మైదానం గోడమీద పిల్లల సహాయవాణి 1098 నంబరు పిల్లలకు కనబడేంత పెద్దగా రాయాలి.

ఆట ముగిశాక కూడా బాధ్యత ముగియదు. గెలిచిన ఉత్సాహంలో ఏఎమ్మార్పీ కాలువలోకో, జూరాల కాలువలోకో ఈతకు దిగే కుర్రాళ్లను ఆపడం, డీసీఎం వ్యానులో పిల్లలను కిక్కిరిసి ఎక్కించకుండా చూడటం, రాత్రి పొద్దుపోయాక బయల్దేరనీయకపోవడం ఆ బాధ్యుడి పనిలోనివే.

ఇన్ని షరతులు పెడితే ఊళ్లలో ఆటలే ఆగిపోతాయని కొందరంటారు. ఈ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. కాగితాలు నింపలేక ఒక యువజన సంఘం టోర్నమెంటు మానుకుంటే నష్టపోయేది ఆ ఊరి పిల్లలే. అందుకే రుసుములు, లైసెన్సులు వద్దంటున్నాం. మైకు అనుమతికి నిర్వాహకులు ఇప్పటికే పోలీసు స్టేషనుకు పోతున్నారు. అదే దరఖాస్తులో ఒక పేరు, ఒక సంతకం, దగ్గరి ఆస్పత్రి నంబరు అదనంగా రాయడం భారమేమీ కాదు. అసలు భారం ప్రభుత్వం మోయవలసింది. ఎన్నో బడుల్లో పీఈటీలే లేరు. ఉన్నవాళ్లకు ఆటలతో సంబంధంలేని పనులెన్నో తగిలిస్తున్నారు. ఆ ఖాళీలు నింపకుండా యువకులమీద నియమాలు రుద్దితే అన్యాయమవుతుంది.

వచ్చే సంక్రాంతిలోపు ఈ రెండు ఉమ్మడి జిల్లాల కలెక్టర్లు, జిల్లా యువజన క్రీడాధికారులు కలిసి ఒక పేజీ మించని ఉత్తర్వు తేవాలని కోరుతున్నాం. బాధ్యుడి పేరు లేని దరఖాస్తుకు అనుమతి ఇవ్వకూడదు. ప్రతి మండలంలో ఒకరోజు శిక్షణ పెట్టి వడదెబ్బకు చల్లబరచడం, సీపీఆర్, తలదెబ్బ గుర్తించడం, పోక్సో కింద ఫిర్యాదు చేయడం నేర్పాలి. పెద్ద పోటీ జరిగేచోట ఆ పూటంతా 108 వాహనం మైదానం పక్కనే నిలపాలి. గ్యాలరీ కడితే ఆర్అండ్‌బీ ఇంజనీరు సంతకం లేనిదే ఒక్కరినీ ఎక్కనివ్వకూడదు. వెంటనే మొదలు పెట్టదగిన పని ఒకటుంది. నల్లగొండ మేకల అభినవ్ స్టేడియం నుంచి చిట్టచివరి తండా ప్రాంగణం దాకా ఉన్న ప్రతి గుంజనూ, ప్రతి బారునూ ఊపి చూడటం.